రీజెన్ ఎన్నాళ్లకోసారి?

బీఎస్6 లారీ కొన్న ఓనరు మొదటి సర్వీసు నాడే అడిగే ప్రశ్న ఒకటుంది: "సైలెన్సర్‌లోని ఈ ఫిల్టర్ ఎన్ని కిలోమీటర్లకోసారి మసి కాల్చుకుంటుంది?" ఇంజన్ ఆయిల్‌కు ఇన్ని వేలు, టైర్ల మార్పుకు ఇన్ని వేలు అని లెక్కపెట్టుకుని లారీ నడిపినవాళ్లం కాబట్టి దీనికీ ఒక అంకె ఉంటుందనుకుంటాం. ఎవరైనా ఠక్కున ఒక అంకె చెప్పేశారంటే, మీ బండి ఏ రోడ్డు మీద తిరుగుతుందో వాళ్లు అడగలేదన్నమాట.

ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే నెలలో కొన్న రెండు లారీలు ఉన్నాయనుకోండి. ఒకటి ఖమ్మం నుంచి హైదరాబాద్‌కు గ్రానైట్ పలకలు తోలుతుంది. రెండోది మణుగూరు వైపు బొగ్గు టిప్పరు. మొదటి బండి డ్రైవరు ఫిల్టర్ లైటు ముఖమే చూడకుండా నెలలు గడిచిపోవచ్చు. రెండోది దాదాపు రోజూ మసి కాల్చుకోవచ్చు, అంటే రీజెన్ చేసుకోవచ్చు. రెండిట్లోనూ రోగం లేదు. బండితో మీరు ఎలాంటి పని చేయిస్తున్నారో రీజెన్‌కూ రీజెన్‌కూ మధ్య గడువు చెబుతుంది. ఈ అధ్యాయంలో ఆ గడువును చదవడం నేర్చుకుందాం. గడువు తగ్గిపోతే ఫిల్టర్‌ను తిట్టే ముందు ఎక్కడ చూడాలో కూడా.

ముందు లోపలేముందో రెండు మాటలు. సైలెన్సర్ డబ్బాలో ఒక పింగాణీ దిమ్మె ఉంటుంది. దాని నిండా సన్నని చదరపు గొట్టాలు వేల కొద్దీ. ఒక గొట్టానికి ముందు మూత, దాని పక్క గొట్టానికి వెనక మూత. దారి లేక పొగ గోడల్లోంచే దూరి బయటపడాలి. మసి గోడకు అంటుకుపోతుంది. 2020 ఏప్రిల్ 1న దేశం బీఎస్4 నుంచి బీఎస్5ను దాటేసి నేరుగా బీఎస్6కు వచ్చినప్పుడు, పెద్ద ఇంజన్ల పొగలో రేణువుల బరువుకే కాక సంఖ్యకూ హద్దు పెట్టారు. ఒక కిలోవాట్ అవర్ పనికి 60,000 కోట్లు దాటకూడదు. చెవికి పెద్ద అంకెలా వినిపిస్తుంది గానీ, ఫిల్టర్ లేని డీజిల్ ఇంజన్ దాని దరిదాపులకు కూడా రాలేదు. ఇదంతా ఎవరికోసం అని విసుక్కునేవాళ్లకు ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను కచ్చితంగా క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. కాంటా లైన్లో ముందు బండి సైలెన్సర్ వెనక గంటలు నిలబడేది మన డ్రైవరూ క్లీనరే.

పట్టుకున్న మసిని కాల్చి ఖాళీ చేసుకోవడమే రీజెన్. కాలాలంటే వేడి కావాలి. కొత్తగూడెంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటినా ఈ పనికి లెక్కలోకి రాదు. పొగ 250 డిగ్రీలు దాటి వేడిగా వస్తుంటే మసి నెమ్మదిగా, ఎవరికీ తెలియకుండా కాలిపోతూ ఉంటుంది. ఫిల్టర్ ముందున్న క్యాటలిస్టు పొగలోని నైట్రిక్ ఆక్సైడ్‌ను నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది, అది తక్కువ వేడికే మసిని తినేస్తుంది. జాన్సన్ మాథీ కంపెనీ పరిశోధకులు 1980ల చివర్లో పట్టుకున్న కిటుకు ఇది. లోడుతో హైవే మీద వెళ్లే లారీలో పొగ 300, 400 డిగ్రీలుంటుంది కాబట్టి రోజంతా ఈ పని జరిగిపోతూనే ఉంటుంది. ఆ వేడి అందనప్పుడు మసి పేరుకుంటుంది. అప్పుడు బండి కంప్యూటర్ కాస్త డీజిల్‌ను అదనంగా పొగలోకి పంపి, ఫిల్టర్‌లో వేడిని 550, 600 డిగ్రీలకు లేపుతుంది. ఇది బండి నడుస్తుండగానే అయిపోవచ్చు. నడకలో కుదరకపోతే లైటు వేసి, ఆపి కాల్చమని అడుగుతుంది. ఆపి కాలిస్తే సాధారణంగా అరగంట నుంచి ముప్పావుగంట, బాగా నిండి ఉంటే గంట. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో కూడా మసి నిండకపోయినా ఇన్ని గంటలకోసారి కాల్చాలనే లెక్క కొన్ని కంపెనీలు పెడతాయి. మీ మాన్యువల్‌లో అలా ఉంటే దాన్ని చూసి కంగారుపడొద్దు.

ఇక మన రోడ్ల సంగతి. ఇక్కడ కాస్త నిలబడి చూడాలి, ఎందుకంటే ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో లారీ పని ఒకలా ఉండదు.

సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తోలే బండిని తీసుకోండి. తోటలోకి వెళ్లేది మట్టిదారిలో, ఫస్టు సెకండు గేర్లలో. కర్ర ఎక్కేదాకా ఆగడం. తర్వాత తారు రోడ్డు మీద కొంతసేపు మంచి పరుగు. ఆ పైన గేటు బయట వంతు కోసం ఎదురుచూపు. లైను జానెడు జానెడు కదులుతుంది కాబట్టి ఇంజన్ ఆపరు. ఉత్తినే స్టార్టులో ఉన్న ఇంజన్ పొగ 100, 200 డిగ్రీల మధ్యే ఉంటుంది. మసి మాత్రం వస్తూనే ఉంటుంది, కాలదు. దించాక ఖాళీగా తిరుగు ప్రయాణం. ఖాళీ బండిలో ఇంజన్‌కు శ్రమ లేదు, వేడీ లేదు. ఈ లారీ రోజుకు 150 కిలోమీటర్లు తిరిగి, పన్నెండు గంటలు స్టార్టులో ఉండొచ్చు. కిలోమీటర్లు చూస్తే చిన్న ప్రయాణం, ఫిల్టర్‌కు మాత్రం పెద్ద రోజు. అందుకే నా మొదటి సలహా, ఇకమీద రీజెన్‌ను కిలోమీటర్లలో లెక్కపెట్టకండి. ఇంజన్ గంటల్లో పెట్టండి. డ్యాష్‌బోర్డులో అవర్ మీటర్ ఉంటుంది, చాలామంది దాని జోలికే పోరు.

బొగ్గు, బూడిద, ఇసుక టిప్పర్లదీ ఇదే బతుకు. చిన్న దూరం, లోడింగ్ దగ్గర ఎదురుచూపు, అన్‌లోడింగ్ దగ్గర ఎదురుచూపు. దానికి తోడు దుమ్ము. బొగ్గు దుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే ఇంజన్‌కు గాలి చాలదు. గాలి చాలని డీజిల్ మసి అవుతుంది. ఆ మసి వెనక ఫిల్టర్ మీద పడుతుంది. వెయ్యి రూపాయల ముందు ఫిల్టర్‌ను నిర్లక్ష్యం చేసి, లక్షల రూపాయల వెనక ఫిల్టర్‌ను పాడుచేసుకునే ఓనర్లు మన దగ్గర తక్కువేం కాదు.

భద్రాచలం దాటి చింతూరు, కుంట, సుక్మా మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి బండ్ల సంగతి వేరు. లోడుతో దర్భా ఘాట్ ఎక్కే లారీ పొగ బాగా వేడెక్కి ఫిల్టర్‌లో మసిని చాలావరకు తనంతట తానే ఊడ్చేస్తుంది. అందుకే వారమంతా మణుగూరులో తిరిగే టిప్పరుకు వీలైనప్పుడు ఒక పొడవాటి లోడు ప్రయాణం ఇవ్వమంటాను. ఎక్కువ గేరులో ఇంజన్‌ను ఈడ్చుకుంటూ పోవడం కన్నా ఒక గేరు తక్కువలో, ఇంజన్ తేలిగ్గా తిరిగేలా అరగంట, ముప్పావుగంట ఆగకుండా నడిపితే మంచిది. ఖమ్మం మిర్చి యార్డుకు, జిన్నింగ్ మిల్లులకు ఊళ్లలోంచి తోలే చిన్న పికప్ బండ్లకూ ఇదే మందు. ఆ సైజు బండ్లలో రీజెన్ సుమారు 300 నుంచి 800 కిలోమీటర్ల మధ్య రావడం మామూలే. వంద కిలోమీటర్లకోసారి వస్తుంటే మాత్రం ఏదో జరుగుతోంది.

ఇంతవరకూ యంత్రం. అసలు చిక్కు చాలాసార్లు మనుషుల దగ్గర ఉంటుంది.

చిన్న డబ్బా బొమ్మ, లోపల చుక్కలు ఉన్న లైటు వెలుగుతుంది. డ్రైవరు ఫోన్ చేస్తాడు. "అన్నా, రీజెన్ లైటొచ్చింది. ఆపి కాల్చనా?" ఓనరు అంటాడు, "ముందు లోడు దించి రా తమ్ముడూ, తర్వాత చూద్దాం." దించాక ఇంకో లోడు. రెండో రోజుకు లైటు మిణుకుమిణుకు మంటుంది. మూడో రోజు ఇంజన్ లైటు తోడవుతుంది, పికప్ పడిపోతుంది. ఆ దశలో బండి తనంతట తాను కాల్చుకోదు. షోరూమ్ వాళ్లు స్కానర్ పెట్టి కాల్చాలి, లేదా ఫిల్టర్ విప్పాలి. ముప్పావుగంట మిగుల్చుకోబోయి మూడు రోజుల కిరాయి పోగొట్టుకోవడం అంటే ఇదే.

ఇందులో డ్రైవరు తప్పెంత? ట్రిప్పుకు ఇంత అని మీరు జీతం ఇస్తుంటే, ఆగిన ముప్పావుగంట అతని జేబులోంచి పోతుంది. లైనులో వంతు పోతే ఇంకా ఎక్కువ పోతుంది. అలాంటప్పుడు అతను రీజెన్ ఆపేసే బటన్ నొక్కేస్తాడు. ఆ బటన్ ఇచ్చింది పెట్రోలు బంకులో, గడ్డివాముల పక్కన, గోదాముల్లో వాడుకోవడానికి. నొక్కాక తీయడం మర్చిపోతే నడకలో జరగాల్సిన రీజెన్ కూడా జరగదు. పక్క బండిలో ఐదు రోజులకు వచ్చే లైటు మీ బండిలో రెండో రోజే వస్తుంటే ముందు ఆ బటన్ చూడండి. నా మటుకు నేను ఓనర్లకు చెప్పేది ఇది. ఆపి కాల్చిన సమయానికి విడిగా డబ్బు కట్టండి. భోజనానికి ఆగే గంటలోనే కాల్చమని చెప్పండి. అడగడానికి ఫోన్ చేయనక్కర్లేదని, లైటొస్తే చోటు చూసుకుని కాల్చే అధికారం తనదేనని డ్రైవరుకు ముందే చెప్పేయండి. లైటు సంగతి దాచే డ్రైవరుకు పదిసార్లలో ఎనిమిదిసార్లు ఓనరు తిట్టే భయమే ఉంటుంది.

కాల్చే తీరు కష్టమేమీ కాదు. ఇంజన్ వేడిగా ఉండగానే, అంటే పరుగు నుంచి ఆగిన వెంటనే మొదలుపెట్టాలి. న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్, క్లచ్చు మీదా బ్రేకు మీదా యాక్సిలరేటర్ మీదా కాలు ఉండకూడదు. బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆర్‌పీఎం తనంతట తానే పెరుగుతుంది. పెరగకపోతే కంప్యూటర్‌లో ఏదో తప్పు నమోదై ఉందన్నమాట. మధ్యలో పెడల్ తొక్కితే ఆగిపోతుంది, ఖర్చయిన డీజిల్ వృథా. సగంలో ఆపిన రీజెన్లు రెండు మూడైతే కొన్ని ఇంజన్లలో కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట దిగి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరిగిందంటే సంతోషించొద్దు, వెంటనే ఆయిల్ మార్పించండి.

ఎక్కడ ఆపి కాల్చాలన్నది మన అడవి రోడ్ల మీద ప్రాణాల సంగతి. ఫిబ్రవరి నుంచి మే దాకా పాల్వంచ, కిన్నెరసాని, మణుగూరు, చింతూరు దారుల పక్కన టేకాకు, తునికాకు, వెదురాకు రోడ్డంచున మోకాలెత్తున ఎండిపోయి ఉంటుంది. రీజెన్ నడుస్తుంటే సైలెన్సర్ మూతి దగ్గర గాలి ఎండుటాకును అంటించేంత వేడిగా ఉంటుంది. మన లారీల్లో ఆ మూతి చాలావరకు పక్కకో కిందికో తిరిగి ఉంటుంది. రిజర్వు ఫారెస్టులో అజాగ్రత్తగా నిప్పుకు కారణమైతే అటవీ చట్టం కింద కేసవుతుంది. ఆ మంట మీ లోడుకే అంటుకుంటే ఇంకేం చెప్పాలి? కాబట్టి అడవి మధ్యలో లైటొస్తే, మిణుకు దశకు రాకపోతే, నడుపుకుంటూ వెళ్లండి. ఆ నడకే చాలాసార్లు సగం పని చేసేస్తుంది. కాంక్రీటు నేల ఉన్న ధాబాయో, ఖాళీ మట్టి మైదానమో చూసి ఆపండి. మూతి ఎదుట మనిషి గాని, టార్పాలిన్ గాని, పక్క బండి టైరు గాని ఉండకూడదు. పత్తి, మిర్చి, వరిగడ్డి లోడు మీద ఉన్న బండిని యార్డు లోపల కాల్చకండి. రాత్రిపూట లారీ కింద పడుకునే అలవాటున్న క్లీనరును ముందు లేపండి.

ఇప్పుడు పుస్తకం సంగతి. బండిలో ఒక నోటు పుస్తకం పెట్టి ప్రతి రీజెన్‌కూ ఒక వరుస రాయించండి. తేదీ, అవర్ మీటర్, కిలోమీటర్లు, ఆ రోజు లోడేంటి, నడుస్తూ కాలిందా ఆపి కాల్చారా, పూర్తయిందా సగంలో ఆగిందా. రెండు నెలలు రాస్తే మీ బండి మామూలు గడువు మీకే తెలుస్తుంది. మాన్యువల్‌లో లేని అంకె అది, మీ రోడ్డుకూ మీ డ్రైవరుకూ కొలిచి కుట్టింది. అనుకోండి, మీ టిప్పరు ఇన్నాళ్లూ పన్నెండు పదిహేను గంటలకోసారి కాల్చుకునేది, ఈ నెల ఏడెనిమిది గంటలకే అడుగుతోంది, పని మాత్రం మారలేదు. ఫిల్టర్ పోయిందని షోరూమ్‌కు పరుగెత్తకండి. ఫిల్టర్ ముందున్నవి చూడండి.

సరిగా చిమ్మని ఇంజెక్టర్, టర్బో దగ్గర ఆయిల్ లీకు, ఇంటర్‌కూలర్ గొట్టంలో పగులు, ఇరుక్కుపోయిన ఈజీఆర్ వాల్వు, ఏదైనా సరే మసిని పెంచుతుంది. ఫిల్టర్ లేని పాత బండిలో ఈ రోగాలన్నీ నల్లపొగగా బయటికి కనిపించేవి. ఇప్పుడు ఫిల్టర్ పొగను దాచేస్తుంది కాబట్టి రోగానికి మిగిలిన ముఖ్యమైన గుర్తు ఈ గడువు తగ్గడమే. ఖర్చు తక్కువ విషయం ఇంకొకటి చూడండి. ఫిల్టర్‌కు ముందూ వెనకా ఒత్తిడి కొలిచే సెన్సర్‌కు రెండు సన్నని గొట్టాలుంటాయి. అందులో ఒకటి చిట్లినా, నీరు చేరినా, మసి అడ్డుపడినా కంప్యూటర్‌కు తప్పుడు లెక్క అందుతుంది. వందల్లో పోయేదానికి లక్షల ఫిల్టర్ మార్పించుకున్నవాళ్లు ఉన్నారు.

డీజిల్ గురించి కూడా. బీఎస్6 డీజిల్‌లో గంధకం పది లక్షల్లో 10 వంతులు మించదు, బీఎస్4 కాలంలో అది 50. కిరోసిన్ కలిసిన డ్రమ్ము డీజిల్ చవగ్గా వస్తుందని పోయిస్తే గంధకం క్యాటలిస్టును మందగింపజేస్తుంది, తర్వాత ఎంత వేడి పెట్టినా మసి సరిగా కాలదు. ఇంజన్ ఆయిల్ కూడా మాన్యువల్‌లో రాసిన తక్కువ బూడిద రకమే వాడాలి.

ఈ బూడిదకూ మసికీ తేడా తెలియక చాలామంది మోసపోతారు. పొయ్యిలో కట్టె కాలిపోయినా బూడిద మిగిలినట్టే, మసి కాలిపోతుంది గాని ఇంజన్ ఆయిల్‌లోని లోహపు మందుల బూడిద ఫిల్టర్‌లో ఉండిపోతుంది. ఎన్నిసార్లు రీజెన్ చేసినా అది పోదు. ఏళ్లు గడిచేకొద్దీ మసికి చోటు తగ్గి, గడువు మెల్లమెల్లగా కుదించుకుపోతుంది. నెలలో పడిపోయిన గడువు రోగం, ఏళ్ల మీద తగ్గిన గడువు బూడిద. అమెరికా నిబంధనలు పెద్ద లారీలకు 1,50,000 మైళ్ల లోపు, అంటే సుమారు 2,40,000 కిలోమీటర్ల లోపు, ఫిల్టర్ శుభ్రం చేయాల్సిన అవసరం రాకూడదని కంపెనీలకు షరతు పెట్టాయి. మన బండికి మాన్యువల్‌లో ఉన్న లెక్కే ప్రమాణం. టిప్పరుకైతే అక్కడా గంటలే చూడండి. శుభ్రం చేయడం యంత్రంతో చేసే పని. రోడ్డు పక్కన కంప్రెసర్ గాలి కొట్టి, నీళ్లు పట్టి దులిపితే ఆ బూడిద దులిపినవాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పింగాణీ పగులుతుంది.

"కోసి తీసేయిద్దాం, తలనొప్పి పోతుంది" అనే మేస్త్రీ ప్రతి ఊళ్లో ఒకడుంటాడు. లోపలి దిమ్మె పగలగొట్టి, కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చి, డబ్బా మళ్లీ వెల్డింగ్ చేస్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని అలా మార్చకూడదు. 190వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ ప్రకారం కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా. చట్టం పట్టుకోకపోయినా అసలు రోగమైన ఇంజెక్టర్ అలాగే ఉండి పిస్టన్ దాకా పోతుంది, వారంటీ ఎలాగూ పోయింది.

సెకండ్ హ్యాండ్ బీఎస్6 లారీ కొనబోతున్నవాళ్లకు ఫిల్టరే మంచి పరీక్ష కూడా. చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ మూతి లోపల తెల్లగుడ్డ పెట్టి తుడవండి. మంచి ఫిల్టర్ ఉన్న బండిలో గుడ్డ దాదాపు తెల్లగానే వస్తుంది. నల్లగా వస్తే ఫిల్టర్ పగిలిందో, ఖాళీ చేశారో. డబ్బా మీద కొత్త వెల్డింగ్ గీత ఉందేమో వేలితో తడిమి చూడండి. తర్వాత స్కానర్ పెట్టించి రీజెన్ల చరిత్ర, చివరి రీజెన్ తర్వాత గడిచిన గంటలు, మసి శాతం, బూడిద శాతం చూపించమనండి. అమ్మేవాడు ఆ కాసేపు కూడా ఆగలేనంటే బయానా ఇవ్వకండి.